ఇరవై ఒకటో చెయ్యి

మూడు రోజుల్లో నలభై ఒక్కమంది నాయకులను తయారుచేసి పంపుతామని పోస్టర్‌లో రాశారు. కాలేజీ విద్యార్థుల కోసం హైదరాబాద్‌లో పెట్టిన రాజకీయ శిక్షణ శిబిరం అది. తిండి, వసతి, సర్టిఫికెట్ ఉచితం. సూర్యాపేటలో డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్న ధర్మేందర్‌కు దేశసేవ మీద కంటే ఆ మూడింటి మీదే మోజు ఎక్కువ.

మొదటి రోజే నమూనా అసెంబ్లీ పెట్టారు. అసలు పార్టీలకు కోపం రాకూడదని నిర్వాహకులు బాగా ఆలోచించి ఊదారంగు కండువాల పార్టీ ఒకటి, గోధుమరంగు కండువాల పార్టీ ఒకటి సృష్టించారు. చీటీలు తీస్తే ఊదాకు ఇరవై ఒక్కమంది, గోధుమకు ఇరవైమంది వచ్చారు. సిద్ధాంతాలు మాత్రం ఎవరికీ రాలేదు. వాటికి టైం లేదన్నారు.

ఊదా వాళ్లు కోదాడ అమ్మాయి ఊర్మిళను ముఖ్యమంత్రిని చేశారు. గోధుమ పార్టీకి నాయకుడు మిర్యాలగూడ హరిలాల్. హాస్టల్ గదిలో ధర్మేందర్‌ది అతని పక్క మంచమే, సభలోనూ పక్క సీటే.

ప్రశ్నల సమయంలో ధర్మేందర్ లేచాడు.

"మా తిరుమలగిరి దిక్కు బోర్లన్నీ ఎండిపోయినయ్. సర్కార్ ఏం చేస్తున్నది, సీఎం మేడం?"

"కమిటీ వేశామండీ," అంది ఊర్మిళ, ముఖంలో నవ్వు లేకుండా.

"కమిటీ ఏం చెప్పింది?"

"అది చెప్పేలోపు వానలు పడిపోతాయని మా ప్రభుత్వ నమ్మకం."

సభంతా బల్లలు చరిచింది. ప్రతిపక్షంలో ఉన్న ధర్మేందర్ కూడా చరిచాడు. హరిలాల్ మోచేత్తో పొడిచినా ఆపలేదు. ఇంత నిబ్బరంగా మాట దాటేసే మనిషిని అతను టీవీలోనే చూశాడు. ఊర్మిళ కూర్చుంటూ ఓసారి ఇటు చూసింది. ఇక అతని పని అయిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వెళ్లి ఆమె వెనకే నిలబడ్డాడు.

"పప్పు అయిపోయిందట. దీనికి గూడ కమిటీ ఏస్తరా?"

"వేస్తా. చైర్మన్‌గా నువ్వుంటావా? పని చెయ్యని మనిషి కోసమే చూస్తున్నాం."

సాయంత్రానికి ఇద్దరూ నాలుగు టీలు తాగారు. రాష్ట్ర సమస్య ఒక్కటి కూడా మాట్లాడలేదు.

రెండో రోజుకు శిక్షణ ఫలించింది. గ్రూప్ ఫోటోలో ముందు వరస ఇస్తానని హరిలాల్ ఆశపెట్టగానే, ఊదా సభ్యుడొకడు ప్రజాసేవ కోసమంటూ గోధుమ కండువా కప్పుకున్నాడు. ఊర్మిళ వాడిని సభలో నిలబెట్టి కడిగేసింది గానీ లెక్క మారిపోయింది. ఇప్పుడు అటు ఇరవై ఒకటి, ఇటు ఇరవై. మర్నాడు అవిశ్వాస తీర్మానం.

ఆమె దిగులు ముఖం ధర్మేందర్ చూడలేకపోయాడు. అరగంట ఆలోచించి, గోధుమ కండువా జేబులో కుక్కి, ఊదా వాళ్ల ముందుకెళ్లి మెడ వంచి నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఊర్మిళ మాత్రం కండువా అతని మెడలో వేయలేదు.

"నువ్వే కప్పుకో," అని చేతికిచ్చి వెళ్లిపోయింది.

మెట్ల దగ్గర ఆమెను అందుకున్నాడు. "నీ సర్కార్‌ను కాపాడిన కదా. గింత కోపమెందుకు?"

"కాపాడమని ఎవరడిగారు? మా నాన్న సర్పంచ్‌గా నిలబడితే, మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లే తెల్లారేసరికి అవతలి కండువాలు కప్పుకున్నారు. ఆయన ఇప్పటికీ ఊళ్లో తలెత్తుకుని తిరగలేరు. అలాంటివాడినే పొద్దున తిట్టాను. ఇప్పుడు నిన్ను పక్కన కూర్చోబెట్టుకోవాలా?"

"నేను పదవి కోసం రాలే. నీ కోసం వచ్చిన."

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఊర్మిళ రెండు మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"నా కోసం ఇవాళ ఇరవైమందిని వదిలేశావు. రేపు ఇంకెవరి కోసమో నన్ను వదిలెయ్యవని ఎలా నమ్మాలి?"

ధర్మేందర్ చేతిలోని ఊదా కండువాను మడుస్తూ విప్పుతూ ఉండిపోయాడు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. ఉచితమే అయినా.

మూడో రోజు తీర్మానం వచ్చింది. స్పీకర్‌గా కూర్చున్న లెక్చరర్, ప్రభుత్వం దిగిపోవాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. ఇరవై చేతులు లేచాయి. ధర్మేందర్ ఊదా కండువా మడిచి బల్ల మీద పెట్టాడు. మధ్య దారి దాటి వెళ్లి, హరిలాల్ పక్కన నిలబడి ఇరవై ఒకటో చెయ్యి ఎత్తాడు.

ఊర్మిళ రాజీనామా చదువుతూ ఒకే వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తల దించుకోవాలనిపించినా ధర్మేందర్ దించలేదు. చేసిన పనిని కళ్లతో చూడాల్సిందే అనుకున్నాడు.

"వాపస్ వచ్చినవ్, సంతోషం," అన్నాడు హరిలాల్. "ఫోటోల ముందు వరస నీదే."

"నాకొద్దన్నా. నేను వెనక నిలబడ్త."

"మరి ఎందుకొచ్చినవ్ రా?"

"పోవుడే తప్పు. అందుకే వచ్చిన."

ఆ మాట అనడం తేలికే. ఆమె ఇక తన ముఖం చూడదన్న బెంగ మాత్రం ఎల్బీనగర్ బస్టాప్ దాకా వదల్లేదు. వాన పట్టుకుంది. విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని సూర్యాపేటకు టికెట్ తీసుకున్నాడు. బస్సు కదులుతుండగా ఊర్మిళ తడుస్తూ ఎక్కింది. నాలుగు ఖాళీ సీట్లు దాటి వచ్చింది.

"జరుగుతావా, స్పీకర్‌ని పిలవాలా?"

అతను జరిగాడు. "నీ సర్కార్‌ను పడగొట్టిన. తిట్టాలనుంటే తిట్టు."

"తిట్టుకున్నాను. బాత్‌రూంలో ఏడుస్తూ తిట్టుకున్నాను. తర్వాత ఆలోచించా. నన్ను ఏడిపించడం నీకూ కష్టంగానే ఉంది, నీ ముఖంలో కనపడింది. అయినా చెయ్యెత్తావు."

"నువ్వు నమ్మాలంటే నాకు ఇంకో దారి దొరకలే. నిన్ను పోగొట్టుకున్ననే అనుకున్న."

"పోగొట్టుకోలేదు," అంది ఊర్మిళ కిటికీలోంచి వాన చూస్తూ. "నువ్వంటే నాకిష్టం. మొన్న పప్పు దగ్గరి నుంచీ."

చౌటుప్పల్ దగ్గర ఆమె ఫోన్ మోగింది. వాళ్లమ్మ.

"పదవి పోయిందమ్మా. ఒక్క ఓటుతో. ఎవరంటే, సూర్యాపేట అబ్బాయి. ఇదిగో, పక్కనే కూర్చున్నాడు. లేదు, కొట్టలేదు. ఆదివారం ఇంటికి తీసుకొస్తున్నా. నాన్నతో కూర్చోబెట్టాలి."

అవతల వాళ్లమ్మ ఏదో అంటోంది. బస్సు చప్పుడుకు ధర్మేందర్‌కు ఏమీ వినపడలేదు. ఊర్మిళ విని, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి అతని వైపు తిరిగింది.

"ఏం కూర చెయ్యమంటావని అడుగుతోంది."