గండికోట కట్ట

జూలై ఆరు, ఆదివారం. తొలి ఏకాదశి, పీర్ల పండగ ఒకే రోజు పడ్డాయి.

ఆ రోజు ఎస్సై ఖమ్రున్నీసా తిన్నది గుప్పెడు మలీద. తాగింది గ్లాసు పానకం. అది కూడా నిలబడే. ప్రొద్దుటూరు వీధుల్లో పీర్లు ఊరేగుతుంటే ఆమె బందోబస్తులో ఉంది. ఇల్లు చేరి పడుకుందో లేదో తెల్లారింది. ఫోన్ మోగింది.

"తాళపత్రాలు పోయినాయంట మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ పాలయ్య.

పాత ఇల్లు. ముందు గదిలో టేకు పెట్టె. మూత తీసి ఉంది. లోపల పసుపు గుడ్డ మాత్రమే మిగిలింది.

పెట్టె పక్కన నేల మీద అనంతకృష్ణాచార్యులు కూర్చుని ఉన్నాడు. రిటైరైన సంస్కృతం మేష్టారు. ఎనభై దగ్గర పడింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆ పసుపు గుడ్డను అరచేత్తో మళ్ళీ మళ్ళీ నిమురుతున్నాడు, లోపలిది ఇంకా ఉన్నట్టు.

పోయింది గండికోట కట్ట. ఆయన పూర్వీకుడొకడు గండికోటలో కూర్చుని రాసిన ద్వైత వ్యాఖ్యానం. దేవుడు వేరు, జీవుడు వేరు, ఒక జీవుడికీ ఇంకో జీవుడికీ కూడా భేదం ఉంది అని మాధ్వులు చెప్పే మాటను ఊరివాళ్ళకు అర్థమయ్యే పోలికలతో వివరించిన గ్రంథం. అచ్చు కాలేదు. ఇంకో ప్రతి లేదు.

ఫిర్యాదు ఇచ్చింది ఆచార్యుల తమ్ముడి కొడుకు పవన్ కుమార్. నలభై ఏళ్ళవాడు. ప్రవచనాలు చెబుతాడు. సొంత యూట్యూబ్ ఛానల్ ఉంది. కాగితం టైపు చేసి సిద్ధంగా పెట్టుకున్నాడు. అనుమానితురాలి పేరు కూడా అందులోనే ఉంది.

"నిన్న సాయంత్రం ఆరింటికి ఇక్కడే కూచోని లైవ్ ఇచ్చినా. కట్ట నా చేతిలోనే ఉంది. చూడండి."

ఫోన్ చూపించాడు. పట్టు శాలువా, చేతుల్లో తాళపత్రాల కట్ట, వెనక టేకు పెట్టె. నుదుట నిలువుగా నల్లటి అంగారం గీత, దాని కింద ఎర్రటి అక్షత చుక్క. గొంతు మంచిది. "ఈ తొలి ఏకాదశి పుణ్యదినాన" అని మొదలుపెట్టాడు.

మిగతాది గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఏడింటికి లైవ్ ముగించి, కట్టను పెట్టెలో పెట్టి, పులివెందులలో భజనకు పోయాడు. పెదనాన్న, పెద్దమ్మ భుజాల మీద శంఖచక్రాల తప్తముద్రలు వేయించుకోవడానికి మధ్యాహ్నమే మఠానికి పోయారు. ఇల్లు ఖాళీ. ఏడున్నరకు తబితా వచ్చింది. ఆమె దగ్గర తాళంచెవి ఉంది. పెద్ద బ్యాగుతో పోతుంటే ఎదురింటి ప్రసూన చూసింది.

"ఎవరీ తబితా?"

"జమ్మలమడుగు. కిరస్తానం పిల్ల. ఆకులు స్కాన్ చేసేకి పెదనాన్న పెట్టుకున్నాడు. వద్దని ఆ పొద్దే చెప్పినా. మన గ్రంథాల విలువ వాళ్ళకేం తెలుస్తాది?"

"మన అంటే ఎవరు సార్? నన్ను కలిపినారా, తీసేసినారా?"

పాలయ్య తల దించుకుని నవ్వు దాచుకున్నాడు. పవన్ కుమార్ నవ్వలేదు.

తబితాను ఆ సాయంత్రమే స్టేషన్‌కు తెచ్చారు. ఎలా తెచ్చారన్నది ఖమ్రున్నీసాకు తర్వాత తెలిసింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు పోయి తలుపు బాదారు. వీధంతా బయటికొచ్చింది.

ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. సంస్కృతంలో ఎమ్మే. జూనియర్ లెక్చరర్‌గా సెలెక్టయింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. అరెస్టయితే ఆ ఉద్యోగం ఉండదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"ఆదివారం ఆడికి ఎందుకు పోయినావు?"

"పవన్ సార్ రమ్మన్నాడు. సోమవారం పారణ భోజనాలకు జనం వస్తారు, స్కానింగ్ మిషన్ అడ్డమయితాది, ఏడున్నరకు వచ్చి తీసకపో అన్నాడు."

"ఫోన్లో చెప్పినాడా?"

"నోటితో."

"పెట్టె తెరిచినావా?"

"నేనెప్పుడూ తెరవలేదు. ఆకులు ఆచారిగారే తీసి నా చేతికిస్తారు. సగం అయినాయి, సగం ఉండాయి."

"సాక్షి ఎవరు?"

తబితా తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. అంతకంటే వేడిగా ఏదో ఉంది.

"ఆ ఇంట్లో నా గ్లాసు వేరే పెట్టినారు మేడమ్. వాళ్ళ పద్ధతి, ఏమీ అనుకోలేదు. ఆరు నెల్లు ఆ గ్లాసులోనే నీళ్ళు తాగినా. దొంగతనానికి మాత్రం నన్ను కలిపినారే."

ఖమ్రున్నీసా ఆమెను ఇంటికి పంపేసింది. బ్యాగు వెతికారు, ఇల్లు వెతికారు. స్కానర్ తప్ప ఏమీ దొరకలేదు. అయినా ప్రొద్దుటూరులో ఆ పేరు పాకిపోయింది. పవన్ కుమార్ రోజూ ఛానల్లో కట్ట గురించి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కింద కామెంట్లలో తబితాను తిట్టినవాళ్ళకు దండం బొమ్మ పెట్టి జవాబిచ్చాడు. అవి చదువుతుంటే ఖమ్రున్నీసాకు ఒళ్ళు మండింది. సీఐ రెండుసార్లు పిలిచాడు. ఫిర్యాది పెద్దమనిషి, తాళంచెవి ఆ పిల్ల దగ్గరే, ఇంకేం కావాలి అన్నాడు. రెండోసారి గడువు కూడా పెట్టాడు. ఇరవై రెండు, మంగళవారం. ఆ రోజు తబితాను రిమాండుకు పంపాలి.

శనివారం పొద్దుగూకినాక ఆమె యూనిఫాం లేకుండా జమ్మలమడుగు పోయింది. తబితా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. వర్షం జల్లు గడప దాటి లోపలికి కొడుతోంది. తబితా తల్లి విజయమ్మ గోనెపట్టాతో ఆ నీళ్ళు తుడుస్తోంది.

"తలుపు వేసుకోవచ్చు కదమ్మా."

"వేయం. మీవోళ్ళు మళ్ళా వచ్చి బాదితే వీధంతా వింటాది. ఈ పన్నెండు రోజులూ రాత్రి కూడా తెరిచే పెడతాండా. వచ్చేవాళ్ళు సప్పుడు లేకుండా వచ్చి తీసకపోవచ్చు."

ఖమ్రున్నీసా చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. విజయమ్మ పీట వేసింది. టీ కూడా ఇచ్చింది. అది ఇవ్వకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

తబితాను ఆమె ఒకటే అడిగింది. కట్ట పోకముందు, ఆ వారంలో దాని గురించి పవన్ కుమార్‌తో ఏమైనా మాట్లాడావా?

మాట్లాడాను అంది తబితా. దొంగతనానికి రెండు రోజుల ముందు, శుక్రవారం. ఆ రోజు స్కాన్ చేసిన ఆకులో ఒక పోలిక ఉంది. పెన్న ఇసుక దూరానికి ఒకటే పరుపులా కనిపిస్తుంది, వరద వచ్చినప్పుడు మాత్రం ఏ రేణువు ప్రయాణం దానిదే, జీవులూ అంతే అని. చదివి ముచ్చటపడింది. మీ ఇంట్లో ఇంత గొప్ప మాట ఉంది సార్, మిగతా సగం కూడా తొందరగా చేస్తా అని చెప్పింది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఫ్యాన్ వేసుకున్నాడు."

సోమవారం ఇరవై ఒకటి. చివరి రోజు. ఖమ్రున్నీసా పొద్దున్నే ఆచార్యుల ఇంటికి పోయింది. వరండాలో కొత్త పుస్తకాల కట్టలున్నాయి. పవన్ కుమార్ రాసిన ద్వైత వ్యాఖ్యానం. వచ్చే శుక్రవారం పులివెందులలో ఆవిష్కరణ, సన్మానం. ఒక కాపీ తీసుకుని తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగింది.

ఆచార్యులు స్నానం, పూజ ముగించుకుని బయటికొచ్చాడు. ఆమె ఆయన ముఖం వంక చూసి ఒక చిన్న ప్రశ్న అడిగింది. ఆయన ఆశ్చర్యపోయి జవాబు చెప్పాడు.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. తర్వాత పాలయ్యకు ఫోన్ చేసింది.

"కట్ట పోయిన ఆదివారం సాయంత్రం టవర్ లొకేషన్ తీయించు. ఆ పిల్లది కాదు. ఫిర్యాదిది."

మధ్యాహ్నం మూడింటికి అందరూ అదే ముందు గదిలో కూర్చున్నారు. ఆచార్యులు, ఆయన భార్య మీనాక్షి, పవన్ కుమార్. గడప దగ్గర తబితా, విజయమ్మ. మీనాక్షి లేచి వాళ్ళిద్దరికీ చాప తెచ్చి గది లోపల పరిచింది.

"అరెస్టు చేసేకి ఇంతమంది ఎందుకు మేడమ్?" అన్నాడు పవన్ కుమార్.

"ఒక అనుమానం సార్. ఈ పొద్దు మీ నుదుట ఏముంది?"

"అంగారం."

"ఎర్ర చుక్క ఏది?"

"అక్షతా? ఈ పొద్దు ఏకాదశి. ఉపవాసం. భోజనం చేసే నాడే అక్ష..."

మాట అక్కడే తెగింది.

ఖమ్రున్నీసా ఫోన్‌లో ఆ వీడియో పెట్టి మీనాక్షి చేతికిచ్చింది. మీనాక్షి కళ్ళజోడు సవరించుకుని చూసింది. చాలాసేపు చూసింది. ముఖం ఎర్రబడింది.

"పవనా. తొలి ఏకాదశి నాడు అక్షత పెట్టుకున్నావు. అన్నం తిన్నావా?"

"లేదు పెద్దమ్మా."

"మరి ఇదేంది? ముద్రలు వేసుకునే రోజు తిన్నావా?"

"ఏకాదశి నాడు నేను జన్మలో మెతుకు ముట్టలేదు. మంత్రాలయం రాయరు మీద ఒట్టు."

"నమ్ముతాను," అంది ఖమ్రున్నీసా. "అయితే ఇది ఏకాదశి నాటి వీడియో కాదు. ముందురోజు శనివారం, మీరు భోజనం చేసిన రోజు తీసింది. శాలువా మార్చినారు, ఏకాదశి అని నోటితో చెప్పినారు. రోజూ అద్దంలో చూసే ముఖం కదా, నుదురు గుర్తుకు రాలేదు. తీసిపెట్టిన వీడియోను లైవ్ మాదిరి వదలొచ్చని మా సైబర్ సెల్ వాళ్ళు చెప్పినారు. ఆ తేడా పట్టగలిగే భక్తులంతా ఆ సాయంత్రం మఠంలో ముద్రల వరసలో ఉన్నారు. తెల్లారి చూసుకున్నారేమో, దాన్ని ఛానల్లోంచి తీసేసి, కాపీ మాకు మాత్రం ఇచ్చినారు. మా స్టేషన్లో అక్షత సంగతి ఎవరికి తెలుస్తాది? ఈ పొద్దు ఆచారిగారిని చూసేదాకా నాకూ తెలీదు. బొట్టు మర్చిపోయినారా అని అడిగినా."

పాలయ్య టవర్ వివరం చెప్పాడు. ఆదివారం సాయంత్రం ఆరింటికి పవన్ కుమార్ ఫోన్ ఈ ఇంట్లో లేదు. నాలుగింటి నుంచీ పులివెందులలోనే ఉంది.

"మీ పెదనాన్న వాళ్ళు మఠానికి పోగానే కట్టతో బయల్దేరినారు. ఏడున్నరకు ఖాళీ ఇంటికి ఆ పిల్లను రమ్మన్నది కూడా మీరే. నోటితో. ఫోన్లో అయితే గుర్తు మిగులుతాది కదా."

"నా వంశపు గ్రంథం నేనెందుకు దొంగిలిస్తా?"

ఆమె కొత్త పుస్తకం తెరిచింది. గట్టిగా చదివింది.

"'పెన్న ఇసుక దూరానికి ఒకటే పరుపుగా తోచును...'"

"'...వరద వచ్చిననాడు ఏ రేణువు నడక దానిదే,'" అన్నాడు ఆచార్యులు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. "'ఒకదాని బరువు ఇంకొకటి మోయదు.' మా నాయన నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని చెప్పిన మాట. ఇది ఏ పుస్తకమమ్మా?"

"మీ తమ్ముడి కొడుకు సొంతంగా రాసినానని అచ్చేసిన పుస్తకం స్వామీ."

పవన్ కుమార్ శాలువా అంచు పట్టుకుని పిసుకుతున్నాడు. కట్ట పూర్తిగా స్కాన్ అయితే లోకమంతా చదువుతుంది. తబితా దొంగ అని ముద్ర పడితే మాత్రం ఆమె చేసిన సగం స్కాన్లను కూడా ఎవరూ నమ్మరు. ఆ భయం తబితా మెచ్చుకున్న శుక్రవారం నాడే పుట్టింది.

"ఆకులు ఏం చేసినావు?" ఆచార్యులు అడిగాడు.

"పెన్నలో వదులుదామనుకున్నా పెదనాన్నా. చేతులు రాలేదు. కట్ట మా పులివెందుల ఇంట్లో దేవుడి అరలో ఉంది."

"ఆకులను నీళ్ళపాలు చేసేకి చేతులు రాలేదు. ఆడపిల్లను జైలుపాలు చేసేకి వచ్చినాయి." ఆయన గొంతు పెంచలేదు. "ఊరూరా భేదం గురించి చెబుతావే. జీవుడికీ జీవుడికీ భేదమంటే అర్థమేంది? ఎవరి పాపం వారిదే. నీ పాపం తీసకపోయి ఆ బిడ్డ నెత్తిన పెట్టమని ఏ ఆకులో చదివినావురా?"

పవన్ కుమార్ తబితా వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు.

"నాకు చెప్పొద్దు," అంది తబితా. "రోజూ ఛానల్లో ఏడిస్తివి కదా. ఇది కూడా ఆడనే చెప్పు. మా వీధోళ్ళంతా చూస్తారు."

పాలయ్య అతన్ని జీపులో ఎక్కించుకుని పులివెందుల పోయాడు. చీకటి పడేలోపు కట్టతో స్టేషన్‌కు తిరిగొచ్చాడు. పట్టుగుడ్డలో చుట్టి ఉంది. పైన తులసి. వాడింది కాదు. ఆ పదిహేను రోజులూ పవన్ కుమార్ భజనల పేరుతో పులివెందుల పోయి తులసి మార్చేవాడట. ఆ భక్తిని చూసి ఖమ్రున్నీసాకు ఇంకా కోపం వచ్చింది. కానీ ఆకు ఒక్కటి కూడా విరగలేదు. దానికి మాత్రం మనసులోనే అల్లాకు షుక్ర్ చెప్పుకుంది.

సీఐకి తనే ఫోన్ చేసింది. రిమాండు రేపే సార్ అంది. పేరు మారింది. తర్వాత తబితా వెరిఫికేషన్ కాగితం తీసి, అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టింది.

కోర్టు అనుమతి వచ్చాక కట్ట మళ్ళీ టేకు పెట్టెకు చేరుతుంది. మిగతా సగం ఎవరు చేస్తారని ఆచార్యులు అడిగాడట. అడగడం కాదు, మీనాక్షితో చెప్పి అడిగించాడు. ఆయనకు ముఖం చెల్లలేదు. తబితా వాళ్ళు ఆ ఇంట్లోంచి బయల్దేరేముందు మీనాక్షి ఒక వెండి గ్లాసులో నీళ్ళు తెచ్చి తబితాకు ఇచ్చింది. ఇంట్లో అందరూ తాగే గ్లాసు.

తబితా గ్లాసు వంక చూసింది. తాగలేదు. తిరిగి ఇవ్వనూ లేదు. పక్కన పెట్టింది.

"వస్తానమ్మా," అంది. "రేపు కాదు. కోపం తగ్గినాక."

జీపు వాళ్ళిద్దరినీ జమ్మలమడుగులో దింపేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. ఇంటి తలుపు పొద్దున వదిలి వెళ్ళినట్టే తెరిచి ఉంది. ఎదురింటివాళ్ళు అరుగు మీద మాటలాపి చూశారు. ఖమ్రున్నీసా జీపు దిగింది. అందరికీ వినపడేలా చెప్పింది, ఈ అమ్మాయి మీద ఏ కేసూ లేదని, తలుపు బాదిన తప్పు పోలీసులదని.

ఒకావిడ లేచి లోపలికి పోయింది.

తబితా చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. విజయమ్మ గోనెపట్టా తీసి మూల పెట్టింది. గడప దగ్గర కొంచెంసేపు నిలబడింది. జీపు మలుపు తిరిగిపోయింది.

అప్పుడు రెండు రెక్కలూ దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గడియ పెట్టింది.