మహిళల నుంచి రక్షణ కేంద్రం

మీరే! చెరువు కట్టకు మరమ్మతు చేయకుండా రెండేళ్లు ఫైలు మీద కూర్చున్నది మీరే. కట్ట తెగి ఊరు కొట్టుకుపోతే, ఆ జనాన్ని చిరాగ్‌పల్లి రోడ్డు పక్కన రేకుల షెడ్లలో పడేసి, తలుపుల బదులు ప్లాస్టిక్ పరదాలు కట్టిందీ మీరే. సొంత జిల్లాలోనే వాళ్లను కాందిశీకులను చేసి, ‘లబ్ధిదారులు’ అని పేరు పెట్టారు. అందుకే ఈ ప్రేమ కథలో తప్పంతా మీది. పెయింటర్ అఖిలేష్‌ది కాదు.

ఆ సంగతి ఆ రోజు పొద్దున ఆ షెడ్లలోనే ఉండే స్వప్నకు తెలియదు.

“ఓ పెయింటరూ! గీ బోర్డు రాసింది నువ్వేనా?”

మరిచిపోయిన నిచ్చెన కోసం క్యాంపుకు వచ్చిన అఖిలేష్ వెనక్కి తిరిగాడు. లారీల వెనక అందంగా రాస్తాడని జహీరాబాద్‌లో అతనికి పేరు. పొగడ్త అనుకున్నాడు.

“నేనే. అక్షరాలు మంచిగున్నయా?”

“సదువు.”

చదివాడు. “మహిళల... నుంచి రక్షణ కేంద్రం.”

మధ్యలో జానెడు ఖాళీ. నిన్న తాను రాసింది ‘మహిళలకు హింస నుంచి రక్షణ కేంద్రం’. ప్రారంభోత్సవం తొందరలో పెయింటు ఆరకముందే బోర్డు ఎక్కించారు. వాన పడింది. చూరు రేకుకున్న చిల్లు సరిగ్గా ‘కు హింస’ మీదే కారింది.

“వాన కడిగింది మేడమ్. నేనేం జేయాలె?”

“వానకు సదువొస్తదా? సరిగ్గ గా ముక్కనే ఎట్ల తుడిచింది?”

సన్నగా తుంపర పడుతోంది. ఆమె ముక్కు కొసన ఒక చినుకు నిలబడింది. అది పడుతుందా పడదా అని చూస్తూ అఖిలేష్ సగం తిట్లు వినలేదు.

“ఏం సూస్తున్నవ్?”

“చినుకును.”

“లోపలికి సూడు!”

లోపల పన్నెండు మంది మగవాళ్లు చాపలు పరుచుకుని పేకాడుతున్నారు. నడుమ సాయన్న, దిండుకు ఆనుకుని.

“మామా, ఇది ఆడోళ్ల గది. లేవుండ్రి,” అంది స్వప్న.

“బోర్డు సదువు బిడ్డ స్వప్నా. మీ బీరమ్మత్త నుంచి నాకు ముప్పై ఏండ్లకు రక్షణ దొరికింది. సచ్చినా లేవ.”

అఖిలేష్ పకపకా నవ్వాడు. స్వప్న నవ్వలేదు.

“షెడ్లల్ల ఏ దానికీ తలుపు లేదు. గీ గదికే లోపలి గడియ ఉన్నది. నూట నలభై మందిమి, ఒకరు పరదా పట్టుకుంటే ఒకరు బట్టలు మార్చుకుంటున్నం. గీ గడియ కోసం ఏడాది తిరిగిన నేను.”

అతని నవ్వు ఆగిపోయింది. “ఇప్పుడే దిద్దుత,” అని బ్రష్ తీశాడు.

“ఆగవయ్యా!” ప్రోగ్రాం ఆఫీసర్ వెంకటేశ్వరరావు గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు. “ఈ బోర్డు ఇలా ఉండగానే ఫొటో పైకెళ్లిపోయింది. ఒక్క అక్షరం ముట్టుకున్నా కేసు పెడతాను. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి.”

“ఎప్పుడు కూసుంటది సార్?”

“కుర్చీలు రావాలమ్మా.”

“లోపల మగోళ్లున్నరు గదా సార్!”

“నిన్న లబ్ధిదారులు సున్నా. ఇవాళ పన్నెండు. ప్రోగ్రాం సూపర్ హిట్టండి!”

స్వప్న ముఖం తిప్పుకుంది. ఈసారి చెంప మీద జారింది చినుకు కాదని అఖిలేష్‌కు తెలిసింది.

“సార్, అక్షరం ముట్టుకోవద్దు. అంతేనా?”

“అంతే.”

“బాణం గుర్తు అక్షరమా?”

ఆఫీసర్ ఆలోచించాడు. “కాదనుకుంటాను. ఎందుకూ?”

అఖిలేష్ నిచ్చెనెక్కి బోర్డు చివర మూరెడు ఎర్ర బాణం గీశాడు. దాని మొన సూటిగా పక్కనున్న ఆఫీసర్ గది వైపు.

సాయన్న బయటికొచ్చి చూశాడు. “అరె, మన కేంద్రం గదే అంట! ఫ్యాన్ గూడ ఉన్నదిరో!”

చాపలు, పేకముక్కలు, దిండు అన్నీ కదిలాయి.

“లేవండయ్యా, ఇది నా ఆఫీసు!”

“బాణం సూడుండ్రి సార్. జర జరుగుండ్రి,” అంటూ సాయన్న ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు.

గంట తట్టుకున్నాడు ఆఫీసర్. తర్వాత గుమ్మంలోంచి అరిచాడు: “ఆ కమిటీ నేనే! నిలబడే తీర్మానం చేశాను! దిద్దవయ్యా!”

ఆడవాళ్లు గదిలోకి వెళ్లారు. లోపల గడియ పడింది. టక్. అంత చక్కని చప్పుడు అఖిలేష్ ఎన్నడూ వినలేదు. ‘కు హింస’ రాసి, దిగి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

“స్వప్నా...”

“‘మేడమ్’ ఏమైంది?” లోపలి నుంచి గొంతు.

“వానకు కొట్టుకపోయింది. నాకు నిన్ను పెండ్లి జేసుకోవాలనున్నది.”

స్వప్న తలుపు తీయకుండానే అడిగింది.

“మీ ఇంట్ల నాకో అర్ర ఉంటదా, గీ గది లెక్క?”

“ఉంటది.”

“లోపలి గడియ?”

అఖిలేష్ తల గోక్కున్నాడు. “లేదు. రేపే పెట్టిస్త.”

“ఒప్పుకో బిడ్డా,” అంది బీరమ్మ. “నా మొగునికి గూడ తొవ్వ సూపిచ్చిండు, మంచోడే!”

మర్నాడు అఖిలేష్ సంచి నిండా గడియలతో వచ్చాడు. “మా ఇంటికొకటి పెట్టిచ్చిన. ఇవన్నీ మీ షెడ్లకు.”

స్వప్న ఒక గడియ చేతిలోకి తీసుకుంది. గాలికి ఎగురుతున్న పరదాను చూసింది. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

“పిచ్చి పెయింటరూ, పరదాకు గడియెట్ల బిగిస్తవ్?”

విన్నారా దొరలారా? షెడ్డుకో గడియ వచ్చింది. తలుపులు మీరు తేవాలి. తలుపులు బిగించిన రోజే పెళ్లని స్వప్న తేల్చి చెప్పింది. కాబట్టి ఈ పెళ్లికి అడ్డం కులమూ కాదు, జాతకమూ కాదు, మీరే. కమిటీ వద్దు, ఫొటో వద్దు. షెడ్డుకో తలుపు, ఇవాళే పంపండి!