పొడి నోము

"గొట్టాన్ని కొరక్కండి వీరవేణి గారూ, ఊదండి చాలు," అంది హైమవతి.

తన ఇంట్లోనే, వీధివాళ్ళంతా చూస్తుండగా, వీరవేణి ఊదింది. ఊపిరిపలక మీద ఆకుపచ్చ గీత ఒకటి లేచి బద్ధకంగా పడిపోయింది. ఒంట్లో కొవ్వు కరుగుతున్న జాడ ఆ ఊపిరిలో లేశమైనా లేదు. కొలపట్టీ నడుం చుట్టూ తనంతట తానే బిగుసుకుని, అంకె చెప్పి, వదులైంది. తొంభై రోజుల కిందట ఎంతో ఇవాళా అంతే.

కొత్తరేవులో తెరచాప వీధి సముద్రానికి రెండు నిలువుల ఎత్తున, స్తంభాల మీద ఉంటుంది. పాత రేవును కెరటాలు మింగేశాక కట్టిన ఊరు. కాలు పెట్టడానికి నేల లేదు, సరుకులు గాల్లో వచ్చి గుమ్మంలో వాలతాయి. మరి మనుషులు లావెక్కక ఏం చేస్తారు? లివరు నిండా కొవ్వు చేరి, షుగరు ముదిరి, ఈ ఒక్క వీధిలోనే నిరుడు ఇద్దరు పోయారు. అందుకే నాలుగు వందల వీధుల్లో ఈ పరీక్ష పెట్టారు. సముద్రపు నాచు నుంచి తీసిన పొడి, పేరు సముద్రిక. మనిషికి రోజుకో పొట్లం, మజ్జిగలో కలుపుకుని తాగాలి. సగం వీధులకి అసలు పొడి, సగం వీధులకి అదే రంగు ఉత్త పిండి. ఏ వీధికి ఏదో తూనికకి తప్ప ఎవరికీ తెలీదు.

తూనిక హైమ చెవిలో గింజంత యంత్రంలోంచి మాట్లాడుతుంది. అంకెలు తీసుకుని తీర్పు చెప్పడం దాని పని. మనుషుల్ని బతిమాలి కాటా మీద నిలబెట్టడం కొలతరిగా హైమ పని. కొలతలు రెండేసార్లు, మొదటిరోజు, తొంభయ్యో రోజు. మధ్యలో కొలతరి వీధిలో మొహం చూపించకూడదు. ఇవాళ తొంభయ్యో రోజు. పన్నెండింటికి తీర్పు.

"పదకొండో మనిషి. మార్పు శూన్యం. తర్వాత," అంది తూనిక.

తర్వాత నూకరత్నం. హైమ సామాను సర్దుకుని లేవబోయింది. మొదటిరోజు ఆ మనిషిని మంచం దగ్గరికే వెళ్ళి కొలిచింది. నూట ఇరవై కిలోల ఒళ్ళు, మొరాయించిన మోకాళ్ళు, నాలుగు మాటలకే ఆయాసం. ఏ మందూ పడని లివరు. ఇంకో ఏడాది బతికితే గొప్ప అని డాక్టర్లు చేతులెత్తేశారు.

"కూర్చోండి కొలతమ్మగారూ, నేనే వచ్చేశానండి!"

గుమ్మంలో నూకరత్నం. గోడైనా పట్టుకోకుండా నిలబడి నవ్వుతోంది. హైమ తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

కాటా మీద నిలబెట్టింది. బరువు ఇరవై రెండు కిలోలు తగ్గింది. షుగరు దారికొచ్చింది. లివరులో కొవ్వు సగానికి సగం పోయింది. మూత్రపిండాలు శుభ్రంగా ఉన్నాయి. హైమకి ఆనందంతో ఒళ్ళు జలదరించింది. పదేళ్ళుగా కొలుస్తోంది, ఇలాంటి అంకెలు ఏనాడూ చూడలేదు.

తూనికకి జలదరించే ఒళ్ళు లేదు కదా. "మిగతావాటికి పొంతన లేకుండా వేరుపడిన అంకె. కొట్టేస్తున్నాను. అన్ని వీధుల లెక్కా ఇంతే. పొడి నిష్ఫలం. తయారీ ఆగిపోతుంది. ముద్ర వెయ్యండి," అంది.

బొటనవేలు ఆనిస్తే ముద్ర పడిపోతుంది. వేరుపడిన అంకె వస్తే కొలతరులంతా చేసేది అదే. హైమ వేలు చేతిపలకదాకా వెళ్ళి ఆగింది. చెవిలోంచి తూనికని తీసి డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"పిన్నీ, నిజం చెప్పు. ఏం తిన్నావు?"

నూకరత్నం వీరవేణి వైపు చూసింది. వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చారు.

"నోము పట్టామండి," అంది వీరవేణి చివరికి.

"ఏం నోము?"

"పొడి నోమండి. పదిరోజులు తలా ఓ పొట్లం తాగి చూశామండి. ఎవరికీ ఏమీ అవలేదు. అందరం తలా ఒకటి తాగేసి కూచునే కంటే, పోయేలా ఉన్నదాన్ని ముందు లేపుదాం అనుకున్నామండి. ఊరికే ఇస్తే ఈ మొండిది పుచ్చుకోదు కదండీ. అందుకని శుక్రవారం శుక్రవారం మా పదకొండు మందిమీ వారానికి సరిపడా పొట్లాలు తాంబూలంలో పెట్టి వాయనం ఇచ్చేశామండి. వాయనం కాదనకూడదు, ఇంకోళ్ళకి పెట్టకూడదు. ఆయ్, అన్నీ ఆవిడే తాగాలండి."

"వద్దు మొర్రో అన్నానండి," అంది నూకరత్నం. "వాయనం తిరగ్గొడితే నోము పట్టినోళ్ళకి కీడంట. నా నోరు కట్టేశారు."

"పిన్నికి భర్త పోయి ఆరేళ్ళయింది కదా. వాయనం ఎలా ఇచ్చారు?" అని హైమ ఉండబట్టలేక అడిగింది.

"ఆ పట్టింపులు పెద్దోళ్ళు పెట్టిన నోములకండి. ఇది మేం పెట్టుకుంది. నియమాలూ మాయేనండి," అంది వీరవేణి తొణక్కుండా.

హైమకి నవ్వొచ్చింది. ఆ వెంటనే లెక్క వేసుకుంది. "రోజుకి పన్నెండు పొట్లాలు! మనిషి పోయుంటే?"

"ఆ భయం మాకు మాత్రం లేదా అండీ? వంతులేసుకుని పక్కనే కూచున్నాం. కాస్త తేడా కనబడితే ఆపేసి, మీ కాళ్ళ మీద పడిపోదామనుకున్నాం."

నూకరత్నం హైమ చెయ్యి పట్టుకుంది. "నిన్న గుమ్మంలోకొచ్చి సముద్రాన్ని చూశానండి. ఏడాదైపోయింది చూసి. ఈళ్ళని మాత్రం పట్టించకండి తల్లీ. నన్నేం చేసినా సరే."

హైమకి ఏడుపు ముంచుకొచ్చింది. తెరచాప వీధికి వచ్చింది అసలు పొడే, సందేహం లేదు. మోతాదే చాలలేదు. ఇప్పుడు ముద్ర వేస్తే పొడి ఆగిపోతుంది, పిన్ని మళ్ళీ మంచమెక్కుతుంది. నిజం రాస్తే పరీక్ష నియమం తప్పినందుకు పన్నెండుమంది పేర్లూ వైద్యపట్టీలోంచి అయిదేళ్ళు లేచిపోతాయి. ఏ డాక్టరూ చెయ్యి పట్టుకుని చూడడు. ఎటు చూసినా చచ్చేది వీళ్ళే.

పన్నెండింటికి ఇంకా పది నిమిషాలుంది. హైమ తూనికని మళ్ళీ చెవిలో పెట్టుకుంది.

"మోతాదు గడి తెరువు. నూకరత్నం, మొదటి పదిరోజులు ఒకటి, ఆ తర్వాత ఎనభై రోజులు రోజుకి పన్నెండు. మిగతావాళ్ళు పదిరోజులు ఒకటి, తర్వాత సున్నా."

"కారణం?"

"కొలతరి ఆదేశం."

"మోతాదు మార్చే అధికారం కొలతరికి లేదు."

"లేదు. తెలిసే చేశాను. వీళ్ళు నా మాట విన్నారు, అంతే."

వీరవేణి ఏదో అనబోయింది. హైమ కళ్ళతోనే కసిరింది.

"మీ ముద్ర రద్దవుతుంది," అంది తూనిక.

"కానీ. అంకె కొట్టేస్తావా?"

తూనిక మొట్టమొదటిసారి తడుముకుంది. "మోతాదు తేడా తెలిసిన అంకె వేరుపడినది కాదు. కొట్టేసే నియమం లేదు. తీర్పు వాయిదా. మీ జవాబు చూపించి మిగతా కొలతరులనూ అడుగుతున్నాను."

చేతిపలక మీద హైమ పేరు బూడిద రంగుకి తిరిగింది. పదేళ్ళ ఉద్యోగం ఒక్క క్షణంలో పోయింది. చేసిన పనికి మాత్రం బాధ లేదు. వీరవేణి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పలక మీద ఇంకో పేరు బూడిదైంది. ఉప్పుకయ్య వీధి కొలతరి. కారణం: కొలతరి ఆదేశం. తర్వాత దీపస్తంభం వీధి. తర్వాత గబగబా ఏడెనిమిది. ఒకచోట నలుగురు అక్కచెల్లెళ్ళ పొట్లాలు తమ్ముడికి, ఇంకోచోట వీధంతా కలిసి ఓ బాలింతకి. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు మిగతావాళ్ళ కంటే ఎక్కువ అవసరంలో ఉన్నారు. ఇంతకుముందు పరీక్షలన్నింటిలోనూ కొలతరులు ఇలాంటి సంగతులు చూసీ చూడనట్టు ముద్ర వేసి పోయారు, ఇవాళ్టిదాకా.

"అయ్య బాబోయ్, ఊరూరంతా నోము పట్టేశారా?" అంది నూకరత్నం.

నూట అరవై మూడో పేరు దగ్గర రద్దులు ఆగిపోయాయి.

"ఇంకా రద్దు చేస్తే రేపు కొలిచేవాళ్ళు ఉండరు," అంది తూనిక. ముద్ర లేని మనిషినే అడిగింది. "హైమవతి గారూ, ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఎవరు ఎవరికి ఎన్ని ఇచ్చారో అన్ని వీధుల్లోనూ అడగాలి. తిట్టకుండా అడగాలి. ఎవరి పేరూ పట్టీలోంచి తీయకూడదు."

"ఆ నియమం నా దగ్గర లేదు."

"రాసుకో," అంది హైమ.