తాను చూడని తన జబ్బు

"అమ్మా! తిట్టు, కొట్టు, పడతాను... టీవీ మాత్రం కట్టెయ్యకే!"

వంటింట్లో కూతురు చేతులు పట్టుకుని బతిమాలుతుంటే ఆ తల్లి విసురుగా విడిపించుకుంది. ఆసుపత్రి సీరియల్‌లో వారానికో రోగి వేషం వేసే ఆ పిల్లకు రాని రోగం లేదు! ఒక వారం కామెర్లు, ఇంకో వారం విరిగిన కాలు... ముఖానికి రంగు మార్చుకుని, నాలుగు మూలుగులు మూలిగి, మంచం దిగిపోయేది. కానీ ఈ రోజు మూర్ఛ రోగి! సాక్షాత్తూ తల్లి జబ్బు!

"ఇరవై ఏళ్లుగా గుట్టుగా దాచుకున్నానే! కడుపున పుట్టినదానివి, నువ్వే నన్ను బజారుకీడుస్తావా? ముందుగదిలో మీ అత్తయ్య కూర్చుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు!"

"నోట్లో చెంచా కుక్కుతాం, గిలగిలా కొట్టుకో అన్నారమ్మా. అలా అయితే నాకీ వేషమే వద్దన్నాను. చివరికి నేను చెప్పినట్టే తీశారు. ఒక్కసారి చూడమ్మా..."

ఇంతలో ముందుగదిలోంచి ఆడపడుచు కేక వేసింది. "మొదలైందర్రా! మా మేనకోడలికి ఈ వారం ఏం రోగమో!"

ఇక తప్పక వెళ్లి గుమ్మం పట్టుకుని నిలబడింది తల్లి. తెర మీద కూతురు జడ వేసుకుంటూ వేసుకుంటూ ఆగిపోయింది. చూపు నిలిచిపోయింది. ఒళ్లు బిగుసుకుని ఒరిగిపోయింది. నర్సు వేషం వేసినావిడ ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద దుప్పటి మడత పెట్టి, నెమ్మదిగా వీపు నిమురుతూ కూర్చుంది.

తనకు వచ్చేది ఇదేనా? తానెప్పుడు చూసుకుంది గనక! ఏదో వికారంగా, చూసినవాళ్లు జడుసుకునేలా ఉంటుందనే ఇన్నేళ్లూ లోలోపల కుమిలిపోయింది. తెర మీద ఉన్నది మాత్రం అలసిపోయిన ఒక మనిషి, అంతే! ఆ మనిషి కళ్లు తెరిచి నర్సును అడిగింది, "భయపడ్డావా తల్లీ?"

ఆ మాట తనది! తెలివి రాగానే, పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పసిదాన్ని తాను మొట్టమొదట అడిగే మాట! తాను పడిపోవడం కాదు, పడి లేచి అడిగిన ఆ మాటను గుండెలో దాచుకుందా తన బంగారుతల్లి! కన్నీళ్లు జలజలా రాలాయి. వాటిలో సిగ్గు లేదు, అంతా గర్వమే.

"ఎంత బాగా చేసిందే! ఎవర్ని చూసి నేర్చుకుందో!" కళ్లు తుడుచుకుంది ఆడపడుచు.

మూల కుర్చీలో కూర్చున్న భర్త గబగబా దగ్గాడు. "అదంతా ట్రైనింగ్ అక్కా..."

ఇన్నేళ్లూ ఆ దగ్గు వినగానే తల్లి నోరు మూసుకునేది. ఈసారి మూసుకోలేదు.

"నన్ను చూసి, వదినా."

ఆడపడుచు విసురుగా లేచి వచ్చింది. "ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేమే! నేనేం పరాయిదాన్నా?" అంటూ ఆమెను గుండెకు హత్తుకుంది. తమ్ముడి వైపు తిరిగి, "దాయమన్నది నువ్వే కదూ, దద్దమ్మా!" అని దులిపేసింది.

అంతలోనే పై అంతస్తు ఆవిడ తలుపు తట్టింది. "మీ అమ్మాయి భలే చేసిందండీ! అచ్చం నిజంలాగే ఉంది!"

భర్త నోరు తెరిచేలోపే ఆమె తలెత్తి నవ్వింది.

"వేషం మా అమ్మాయిదండీ, మూర్ఛ నాది. లోపలికి రండి, టీ తాగి వెళ్దురుగాని!"