అటక మీద రెండు తీగలు

చవక వస్తువు కొనేటప్పుడు నా అంత జాగ్రత్తపరుడు గుణదల మొత్తం మీద ఇంకొకడు ఉండడు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాను. పెన్సిలు కొన్నా నాలుగు గీతలు గీసి చూసిగానీ జేబులో పెట్టుకోను. డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం, వన్ టౌన్‌లో నాగుల్ మీరా రేడియో రిపేరు షాపులో స్టూలు మీద కూర్చుని, ఒక పాత మల్టీమీటరును అరగంట సేపు అటూ ఇటూ తిప్పి చూశాను.

కారణం మా ఇంటి గోడ. పది రోజుల కిందట మా ఆవిడ అమలమ్మ చివరి గదిలో తడిచేత్తో గోడ ఆనుకుని, షాక్ కొట్టి కూలబడింది. మా పాపకి రేపో మాపో ఏడాది నిండుతుంది. గోడలు పట్టుకుని నిలబడడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. అమలమ్మ దాన్ని చంకనేసుకుని పామర్రులో పుట్టింటికి వెళ్ళిపోయింది. సోమవారం మేరీమాత తిరునాళ్ళ ఆఖరి రోజు. ఆ రోజు కొండ మీద పాప తలనీలాలు ఇస్తామని మొక్కు.

"సోమవారం పొద్దున బస్సుకి వస్తాం. ఆలోగా ఆ గోడ సంగతి తేల్చండి. లేదంటే మొక్కు తీర్చుకుని అట్నుంచి అటే వెళ్ళిపోతాం. పాపని ఆ ఇంట్లో అడుగు పెట్టనివ్వను," అని చెప్పి మరీ వెళ్ళింది.

నాగుల్ మీరా మధ్యలో ఒకసారి వచ్చి టెస్ట్ బల్బుతో గోడంతా చూశాడు. బల్బు వెలగలేదు. అటక ఎక్కి చూస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఎందుకన్నది తరవాత చెబుతాను.

"సన్నగా లీకయ్యేది బల్బుకి తెలీదు శౌరిగారూ. మీటరుంటే తెలుస్తది," అంటూ ఆ సాయంత్రం షాపులో ఈ పాత మీటరు తీసి నా ముందు పెట్టాడు. నల్లటి డబ్బా, అద్దం మూల చిన్న పగులు, లోపల సన్నటి ముల్లు. ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి, వాటి చివర సూదుల్లాంటి కడ్డీలు. "ఫారిన్‌లో అంకెలే వెలిగే మీటర్లు వచ్చాయంటండీ. మనకింకా ముల్లే గతి."

కొత్త బ్యాటరీకి ఆనిస్తే ఒకటిన్నర చూపించింది. ప్లగ్గులో పెడితే రెండొందల ఇరవై. పక్కనే ఉన్న తన పెద్ద మీటరుతో పోల్చి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తరవాత మీట తిప్పి, తీగ తెగిందో లేదో చూసే చోట పెట్టాడు. కడ్డీలు విడిగా ఉంటే ముల్లు ఎడమ చివర కదలకుండా పడుకుంది. ఒకదానికొకటి తగిలిస్తే కుడి చివరికి ఎగిరింది.

"ఇప్పుడు చెరో చేత్తో చెరొకటి పట్టుకోండి."

పట్టుకున్నాను. ముల్లు కొద్దిగా లేచి ఆగింది.

"గట్టిగా పిడికిలి బిగించండి."

ముల్లు ఇంకాస్త పైకి పాకింది.

"మన ఒళ్ళూ తీగ లాంటిదేనండీ. ఎంత బిగించి పట్టుకుంటే అంత లేస్తది," అని నవ్వాడు. మంచిదేనా అని అడిగాను. "చవకది. కానీ అబద్ధం చెప్పదు. నచ్చకపోతే మంగళవారం తెచ్చిచ్చెయ్యండి."

ఆదివారం పూజ నుంచి వచ్చి, భోజనం చేసి పని మొదలుపెట్టాను. కొండ మీద మైకుల్లో పాటలు హోరెత్తిపోతున్నాయి. మా సందులోంచి జనం కొవ్వొత్తులు పట్టుకుని పోతున్నారు. పట్టపగలు, ఎండ. భయపడడానికి ఏమీ లేదు. కరెంటు ఉంచే గోడ అంతా జానెడు జానెడు దూరంలో చూశాను. ముల్లు కదల్లేదు. స్విచ్చులు, ప్లగ్గులు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది అటక ఒక్కటే.

ఆ చివరి గదికి వైరింగు చేసింది లాజరు. చిన్నప్పటి నుంచి నాకు స్నేహితుడు, వైర్‌మన్. అమలమ్మ కడుపుతో ఉన్నప్పుడు, పుట్టబోయే బిడ్డ కోసమని ఆ గది వేశాం. ఆ అటక మీదే, ఫ్యాను కోసం లాగిన రెండు తీగలు చేత్తో పట్టుకుని ఉండగానే కరెంటు కొట్టి చనిపోయాడు. ఏడాది దాటింది. ఆ ఫ్యాను బిగించనేలేదు. తీగలు అలాగే వదిలేశాం. అంతటి పనివాడు ఫ్యూజు తీయడం ఎలా మరిచిపోయాడని ఊళ్ళో వైర్‌మన్లంతా ఇప్పటికీ చెప్పుకుంటారు.

బోర్డు మీది రెండు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాను. పని తెలిసినవాళ్ళు అలాగే చేస్తారు. ఫ్యూజు జేబులో ఉంటే కింద ఎవరూ తెలియక కరెంటు పెట్టలేరు. నిచ్చెన వేసుకుని, టార్చి పట్టుకుని ఎక్కాను.

పైన దుమ్ము, గబ్బిలాల రెట్ట, వేడెక్కిన పెంకుల వాసన. దూలం పక్కన ఆ రెండు తీగలూ బెత్తెడు ఎడంగా గాల్లోకి నిలబడి ఉన్నాయి. ముందు కరెంటు ఉందేమో చూశాను. లేదు. మనసు తేలికపడింది. మీట తిప్పి, తీగ ఎక్కడైనా తెగిందేమోనని కడ్డీలు రెండింటికీ ఆనించాను. కింద ఫ్యాను లేదు, బల్బు లేదు, తీగల మధ్య ఏమీ లేదు. ముల్లు కదలకూడదు.

కొద్దిగా లేచింది.

లేచి, నిన్న షాపులో నేను పట్టుకున్నప్పుడు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ ఆగింది.

చవక సరుకు అని విసుక్కున్నాను. కడ్డీలు తీశాను. ముల్లు పడుకుంది. ఒకదానికొకటి తగిలించాను. కుడి చివరికి ఎగిరింది. మీటరు బాగానే ఉంది. జీవితంలో మొదటిసారి, కొన్న వస్తువు చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకున్నాను. మళ్ళీ తీగలకి ఆనించాను.

మళ్ళీ లేచింది. ఈసారి ఆగలేదు... నెమ్మదిగా పైకి పాకుతోంది... ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టు.

కొండ మీది పాట వినిపించడం మానేసింది. మైకు ఆగిందో, నా చెవులే ఆగాయో తెలియదు. కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఆ వెనకే చెమట వాసన. మనిషి చెమట. ఇంత దగ్గరగా...

"లాజరూ..." అన్నాను.

ముల్లు వణికింది.

"పొరపాటురా... క్షమించు."

ముల్లు దిగలేదు. ఇంకా పైకి లేచింది. చేతులు వెనక్కి లాక్కోబోయాను. రాలేదు. కడ్డీలను అవతలి నుంచి ఎవరో పట్టుకుని ఉన్నట్టే ఉంది.

అప్పుడు ఏడుస్తూ చెప్పేశాను. చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువు దగ్గర కూడా ఏడాది పాటు దాచిన మాట. ఆ రోజూ ఆదివారమే. రేడియోలో నాటకం వచ్చే వేళ. వాడు రెండు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకునే అటక ఎక్కాడు. ముందు గదికి మాత్రం కరెంటు పెట్టుకుందామని, ఇంట్లో ఉన్న పాత ఫ్యూజు ఒకటి తెచ్చి బోర్డులో పెట్టాను. పక్కపక్కనే ఉన్న రెండింటిలో ఏది ముందు గదిదో సరిగ్గా చూసుకోలేదు. పైన దబ్బుమని చప్పుడైంది... ఎక్కి చూసేసరికి అంతా అయిపోయింది. అంతటితో ఊరుకున్నా మనిషిననిపించుకునేవాణ్ణి. నా ఫ్యూజు దాచేశాను. వాడి చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆ రెండు ఫ్యూజులూ తీశాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. వాడు అసలు పీకనే లేదన్నట్టు వాటిని బోర్డులో పెట్టాను. తరవాతే కేక వేశాను.

"నన్నేమైనా చెయ్యరా. ఇక్కడ చంటిపిల్ల తిరుగుతుంది. దాని జోలికి మాత్రం రాకు."

పాప మాట ఎత్తగానే ముల్లు ఆగింది. మెత్తగా ఇటూ అటూ ఊగింది.

"రేపు పొద్దున్నే మీ అమ్మ దగ్గరికెళ్ళి అంతా చెప్తాను. ఒట్టు."

ముల్లు ఎడమ చివరికి వాలిపోయింది. కొండ మీది పాట ఒక్కసారిగా చెవుల్లో పడింది. ఎలా దిగానో నాకే తెలియదు.

సోమవారం తెల్లవారగానే కొండ కింద సందులో సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళాను. లాజరు తల్లి. చాట ముందేసుకుని బియ్యం చెరుగుతోంది. గడపలోనే కూలబడి అంతా చెప్పాను. ఆవిడ చాట పక్కన పెట్టింది.

"ఏడాది నుంచి వీధిలో తలెత్తుకోలేదు శౌరీ నేను. నా కొడుకు అజాగ్రత్త వల్ల పోయాడని అందరూ అంటుంటే, అయ్యుంటదిలే అని నేనూ అనుకున్నా. కన్నతల్లిని, నేనూ అనుకున్నా," అంది. ఆ మాటకి నేను చచ్చిపోయినట్టే అయింది. కాళ్ళ మీద పడ్డాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నిన్ను ఏమనాలో నాకు తెలవట్లేదు. లేచి పో."

లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది. "నీ బిడ్డకి జ్ఞానతండ్రిగా వాణ్ణి ఉండమన్నావు, గుర్తుందా? బాప్తిస్మంలో ఎత్తుకోవాలని తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. అదే తొడిగి సమాధి చేశాం."

గుర్తుంది. పాప బాప్తిస్మం నాడు ఆ స్థానంలో మా మేనమామని నిలబెట్టాను.

బస్టాండుకి వెళ్ళేసరికి పామర్రు బస్సు అప్పుడే వచ్చి ఆగింది. తిరునాళ్ళ జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దిగుతున్నారు. అమలమ్మ మెట్టు మీద కనిపించింది. ఒక చేత సంచీ, ఒక చేత పాప. నన్ను చూసి, "గోడ బాగైందా?" అని అరిచింది. అయిందని తలూపాను. ఆ క్షణాన అయిందనే నమ్మాను. నా కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

పాప నిద్ర లేచింది. నా వైపు కాదు, నా పక్కకి చూసి, రెండు చేతులూ చాచి కిలకిలా నవ్వింది. కొత్తవాళ్ళ దగ్గరికి అసలు వెళ్ళని పిల్ల.

వెనక నుంచి జనం తోస్తున్నారు. అమలమ్మ సంచీని సర్దుకుంటూ, పాపని ముందుకి అందించి, "పట్టుకున్నారా?" అంది.

నేను బదులు చెప్పేలోపే, "ఆఁ, పట్టుకున్నారుగా," అని చేతులు వదిలేసింది.

నేనింకా రెండడుగుల దూరంలో ఉన్నాను. నా చేతులు కిందికి వేలాడుతూనే ఉన్నాయి.

పాప కిందపడలేదు.