గోల్‌కీపర్ విన్న మాట

హైదరాబాద్ స్టేడియంలో మ్యాచ్ రెండో సగం నడుస్తోంది. గోల్‌పోస్ట్ వెనక స్టాండులో ముగ్గురు అమ్మాయిలకు సీట్లు దొరికాయి. కానీ ఒక్కరూ కూర్చోలేదు. బంతి ఎటు పోతే అటు మెడలు చాచి నిలబడే ఉన్నారు.

ముగ్గురూ రాయచూర్‌లో ఒకే బడి, ఒకే తరగతి. నేత్ర బడి జట్టులో గోల్స్ కొట్టే అమ్మాయి. శ్రుతి గోల్‌కీపర్. స్ఫూర్తి డిఫెండర్. వాళ్లను వెంటబెట్టుకొచ్చింది నేత్ర చిన్నాన్న యోగానంద్. ఆయన్ని ముగ్గురూ కాకా అనే పిలుస్తారు. రాయచూర్ బజారులో నేత్ర వాళ్లకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. చదువుకునే రోజుల్లో ఆయన కాలేజీ జట్టుకు ఆడాడు.

"టీవీల చూసుడు వేరే, స్టేడియంల చూసుడు వేరే. ఈ ఏడు మీకు రెండు స్టేడియంలు చూపిస్త. ఒకటి హైదరాబాద్‌ది, ఒకటి బెంగళూరుది" అని ఆయన మాటిచ్చాడు.

వాళ్ల వీధిలో పిల్లలంతా క్రికెట్ బ్యాట్ పట్టుకుని తిరిగేవాళ్లే. ఫుట్‌బాల్ చూడడానికి రైలెక్కి పోతున్నది తామే అని నేత్రకు మహా గర్వం. రైల్లో చుట్టుపక్కల కూర్చున్న వాళ్లందరికీ ఆ సంగతి చెప్పింది. టీ అమ్మేవాడికి కూడా చెప్పింది.

ఇంతలో మైదానంలో బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ గోల్ వైపు వచ్చింది. ఎవరైనా ఆపగలిగే బంతి అది. హైదరాబాద్ గోల్‌కీపర్ వంగాడు. బంతి అతని చేతుల్లోంచి జారింది. కాళ్ల సందులోంచి దూరి లోపలికి పోయింది.

స్టేడియం మొత్తం ఉసూరుమంది. ఆ వెంటనే తిట్లు మొదలయ్యాయి. కాకా నీళ్ల సీసాల కోసం కిందికి వెళ్లి ఉన్నాడు. నేత్ర సీటు మీదికెక్కి నిలబడింది.

"మా దుకాన్ల గంగాళం తెచ్చి నిలబెట్టినా బాల్ ఆపుతది" అని గొంతు చించుకుని అరిచింది.

చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. ఎవరో "గంగాళం" అని అందుకున్నారు. కాసేపటికి ముందు వరుసలన్నీ "గంగాళం, గంగాళం" అని చప్పట్లు కొడుతూ పాడసాగాయి. వెనక సీటాయన నేత్ర వీపు తట్టాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"రాయచూర్" అంది నేత్ర రొమ్ము విరుచుకుని. ఊరి పేరు నిలబెట్టినట్టే అనిపించింది.

స్ఫూర్తి కూడా నవ్వింది. శ్రుతి మాత్రం నవ్వలేదు. నేత్ర అది గమనించనే లేదు.

సోమవారం సాయంత్రం బడి గ్రౌండులో ప్రాక్టీసు. పీటీ సార్ అమరప్ప విజిల్ వేసి జట్టును పిలిచారు. శక్తినగర్ బడితో మ్యాచ్ దగ్గరపడుతోంది.

"సార్, నేను గోల్‌ల నిలబడను. డిఫెన్స్ ఆడుత" అంది శ్రుతి.

"ఏమైందమ్మా? చెయ్యి నొస్తుందా?"

"లేదు సార్. ఊరికెనే."

అమరప్ప సార్ బలవంతపెట్టలేదు. ఆ రోజుకు స్ఫూర్తిని గోల్‌లో నిలబెట్టారు. స్ఫూర్తి బంతి వస్తే పట్టుకోవడానికి బదులు కళ్లు మూసుకుంది. నేత్రకు ఒళ్లు మండిపోయింది. ప్రాక్టీసు అయ్యాక శ్రుతిని కుళాయి దగ్గర పట్టుకుంది.

"ఏందే నీ లొల్లి? మ్యాచ్ ముందర పెట్టుకొని గిట్ల చేస్తవా? నీ అంత మంచిగ గోల్ ఎవరు ఆపుతరు?"

శ్రుతి మొహం కడుక్కుంది. తలెత్తింది.

"నాకు గంగాళం అనిపించుకోబుద్ధి కాలే."

నేత్ర తెల్లబోయింది. "నిన్ను నేనెప్పుడన్న? ఆయనను అన్న కద."

"ఆయన గుడ గోల్‌కీపరే."

"అంత గోలల ఆయనకేం వినిపిస్తది?"

"వినిపించింది. అందరు గంగాళం అని పాడుతుంటె ఆయన తిరిగి మన దిక్కే చూసిండు. ఆయన మొఖం నేను చూసిన. నువ్వు నవ్వేటోళ్ల దిక్కు చూస్తుంటివి."

శ్రుతి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేత్ర కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడింది.

ఆ రాత్రి అన్నం తింటూ కాకాకు జరిగిందంతా చెప్పింది. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. "బెంగళూరుకు శ్రుతి వస్తదో రాదో, నువ్వే పోయి అడుగు" అన్నాడు.

మర్నాడు నేత్ర అడిగింది. శ్రుతి కాసేపు ఆలోచించి, "వస్త" అంది.

బెంగళూరులో వాళ్లు మ్యాచ్‌కు చాలా ముందే స్టేడియం చేరారు. మైదానంలోకి అందరికంటే ముందు వచ్చింది గోల్‌కీపర్లే. ఇంతకు ముందైతే నేత్ర వాళ్లను పట్టించుకునేది కాదు, గోల్స్ కొట్టేవాళ్ల కోసం ఎదురుచూసేది. ఈసారి అక్కడే చూస్తూ కూర్చుంది.

బెంగళూరు గోల్‌కీపర్ ఎడమ వైపు దూకాడు. లేచాడు. కుడి వైపు దూకాడు. మళ్లీ లేచాడు. మోచేతులు, మోకాళ్లు నేలకు కొట్టుకుంటున్నా ఆగలేదు.

"ఇంకా మ్యాచే షురూ కాలే. అప్పుడే ఇన్నిసార్లు పడుతున్నడు" అంది నేత్ర.

"నేను గుడ పడుత" అంది శ్రుతి. "నువ్వు ఆ చివర ఉంటవు. నీకు కనవడదు."

నేత్ర ఆమె మోచేతుల వైపు చూసింది.

మ్యాచ్ మొదలైంది. కాసేపటికి ఎదుటి జట్టు నుంచి ఎత్తుగా ఒక బంతి వచ్చింది. బెంగళూరు గోల్‌కీపర్ అందుకుందామని ముందుకు ఉరికాడు. బంతి అతని వేళ్లకు అందకుండా తల మీదుగా వెనక గోల్‌లో పడింది.

ఇప్పుడు తిట్లు మొదలవుతాయనుకుంది నేత్ర. శ్రుతి వైపు చూడడానికి కూడా భయమేసింది.

స్టేడియం నిట్టూర్చింది. ఆ తర్వాత ముందు వరుసలో డోలు మోగింది. ఒక కాలేజీ అమ్మాయి వాయిస్తోంది. ఆమె పక్కవాళ్లు గోల్‌కీపర్ పేరు పాడటం మొదలుపెట్టారు. ఒక్కొక్క వరుసే లేచింది. ఆ స్టాండు మొత్తం అతని పేరుతో ఊగిపోయింది.

నేత్రకు అర్థం కాలేదు. ముందుకు వంగి ఆ అమ్మాయిని కన్నడంలో అడిగింది, గోల్ పోయింది కదా, చప్పట్లు ఎందుకు అని.

"ఈగలే అల్వా బేకాగిరోదు?" అంది ఆమె డోలు ఆపకుండానే. ఇప్పుడే కదా అవి కావాల్సింది అని.

గోల్‌కీపర్ వాళ్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు. గ్లవ్స్ సర్దుకుని మళ్లీ గోల్ ముందు నిలబడ్డాడు. శ్రుతి సీటు మీదికెక్కి చప్పట్లు కొడుతోంది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. కాకా కూడా ఆ పేరే పాడుతున్నాడు, ఆయన గొంతు ఏమంత బాగా లేకపోయినా.

ఆ రోజు బెంగళూరు జట్టు ఓడిపోయింది. అయినా మ్యాచ్ అయ్యాక జనం వెంటనే లేచి పోలేదు.

తిరుగు రైలు మంత్రాలయం రోడ్డు దాటేసరికి తెల్లవారింది. కాకా, స్ఫూర్తి నిద్రపోతున్నారు. కిటికీ దగ్గర శ్రుతి ఒక్కతే మేలుకుని ఉంది. నేత్ర వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుంది.

"హైదరాబాద్‌ల నేను గట్ల అనుడు తప్పే."

శ్రుతి బయటికే చూస్తోంది. "నాకు చెప్తున్నవు. ఆయనకెట్ల చెప్తవు?"

రైలు తుంగభద్ర వంతెన ఎక్కింది. ఇద్దరూ నది వైపు చూస్తూ ఉండిపోయారు. వంతెన దాటాక శ్రుతే మాట్లాడింది.

"రేపటి సంది గోల్‌ల నేనే నిలబడ్త. సార్‌కు నేనే చెప్త. నువ్వు చెప్పకు."

"చెప్పను" అంది నేత్ర.

శక్తినగర్ మ్యాచ్ రోజు రానే వచ్చింది. శక్తినగర్‌లో స్టాఫ్ క్వార్టర్స్ పక్కన గ్రౌండు. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఆకాశానికి ఆనుకున్నట్టున్నాయి. బడి బస్సులో నేత్ర వాళ్ల తరగతి పిల్లలు కూడా చాలామంది వచ్చి గ్రౌండు గట్టు మీద కూర్చున్నారు.

ఆట మొదలైన కాసేపటికే శ్రుతి చేతికి తగిలి ఒక బంతి లోపలికి పోయింది. శ్రుతి నేల మీదే కూర్చుండిపోయింది. నేత్ర మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తుకొచ్చింది. ఎగపోస్తూ ఊరికే పక్కన నిలబడింది.

శ్రుతి లేచి మట్టి దులుపుకుంది.

"నీ జాగకు నువ్వు పో" అంది. "ఈడ నేనున్న."

ఆ తర్వాత శ్రుతి దూకిన దూకుళ్లకు శక్తినగర్ పిల్లలే నోరెళ్లబెట్టారు. ఒక బంతిని కాలితో తన్నింది. ఒకదాన్ని పొట్టకు అదుముకుని పడుకుంది. ప్రతిసారీ మైదానం మధ్యలోంచి నేత్ర, "గట్ల, శ్రుతీ, గట్ల" అని అరిచింది. ఇంతకు ముందెప్పుడూ తన ఆటకు తప్ప మరొకరి ఆటకు ఆమె అంత గర్వపడలేదు. ఆ ఊపులోనే రెండుసార్లు గట్టిగా కొడితే శక్తినగర్ గోల్‌కీపర్ ఆపేసింది, మూడోసారి గోల్ కొట్టి లెక్క సమం చేసింది.

మ్యాచ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా నేత్రకు మళ్లీ బంతి దొరికింది. కాలు సరిగ్గా పడలేదు. బంతి బలం లేకుండా దొర్లుకుంటూ పోయింది. శక్తినగర్ గోల్‌కీపర్ చిన్న పిల్ల. ఆమె చేతులకు పెద్దవైపోయిన గ్లవ్స్. వంగి పట్టుకుందామనుకుంది. బంతి గ్లవ్స్ కింద నుంచి జారి గీత దాటింది.

రాయచూర్ గెలిచినట్టే. బస్సులో వచ్చిన పిల్లలు గంతులేశారు. ఆ వెంటనే ఆ గోల్‌కీపర్‌ను చూపించి నవ్వడం మొదలుపెట్టారు. స్ఫూర్తి, మిగిలిన వాళ్లు నేత్రను ఎత్తుకుందామని ఉరికి వస్తున్నారు.

నేత్ర వాళ్ల వైపు పోలేదు. నేరుగా గోల్ దగ్గరికి నడిచింది. ఆ పిల్ల మోకాళ్ల మీద కూలబడి, గ్లవ్స్‌తో మొహం కప్పుకుని ఉంది. నేత్ర చెయ్యి చాపింది.

"మొదలు నేను కొట్టినవి రెండు ఎట్ల ఆపినవు? అవి గోల్ అయినయనే అనుకున్న" అని కన్నడంలో అడిగింది.

ఆ పిల్ల గ్లవ్స్ సందులోంచి అనుమానంగా చూసింది. ఎగతాళి చేస్తోందేమోనని నేత్ర మొహం వెతికింది. తర్వాత మెల్లగా చెయ్యి పట్టుకుంది. నేత్ర ఆమెను లేపి నిలబెట్టింది. నవ్వుతున్న తన తరగతి పిల్లల వైపు తిరిగి, రెండు చేతులూ తలపైకెత్తి ఆ పిల్ల కోసం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

గట్టు మీద పిల్లల నవ్వు ఆగింది. ఎవరూ ఏమీ అర్థం కానట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపు ఆ గ్రౌండులో నేత్ర చప్పట్లే వినిపించాయి.

అప్పుడు మైదానం అవతలి చివర నుంచి, ఇంకో గోల్ ముందు నిలబడి ఉన్న శ్రుతి కూడా చప్పట్లు అందుకుంది.