ఆపరేషన్ ముందురోజు గొంతు

2081 నాటికి కాకినాడలో చెవుడు అనే మాట ఎత్తేవాళ్లే కరువయ్యారు. శ్రవణనాడి మీద కణితి లేచి, దాన్ని కోసేటప్పుడు నాడి కూడా పోయినవాళ్లకు సైతం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చి పదిహేను రోజుల్లో ఇంటికి పంపేస్తున్నారు. మాటలు స్పష్టంగానే వినిపిస్తాయి. వచ్చిన చిక్కల్లా గొంతులతోనే. మొగుడైనా, మనవడైనా, కూరలమ్మే మరమనిషైనా అందరిదీ రేకు డబ్బా మీద గీరినట్టు ఒకటే గొంతు.

ఆ లోటు తీర్చడానికి పుట్టింది స్వరపూరకం. ఆపరేషన్ ముందురోజు ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలో గంటసేపు కూర్చుని రోగితో మాట్లాడాలి. యంత్రం ఆ గొంతుల్ని నమూనాలుగా దాచుకుని, తర్వాత ఎవరు ఏ మాటన్నా దానికి వాళ్ల గొంతు తొడిగి మెదడుకు అందిస్తుంది.

సహస్రకు ఆపరేషనై ఏడు నెలలైంది. యాభై ఏడేళ్ల మనిషి. మొదట్లో భర్త రిత్విక్ పలకరిస్తే చాలు, ప్రాణం లేచొచ్చేది. ఈమధ్యే అనుమానం పట్టుకుంది. అతని మాట ఆప్యాయంగా వినిపిస్తుంది, మొహం చూస్తే మాడిపోయి ఉంటుంది. అన్నం వడ్డించి పక్క గదిలోకి తప్పుకుంటాడు. కూతురు రావడమే తగ్గించింది. తనంటే విసుగెత్తి పైకి నటిస్తున్నారని సహస్ర కుమిలిపోయింది. ముప్పయ్యేళ్ల కాపురం ఉందో పోయిందో తేల్చుకుందామని భర్తను వెంటబెట్టుకుని, ఆ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ నఫీసా దగ్గరికి వెళ్లింది.

నఫీసా అంతా విని తల వంచుకుంది. "తప్పు మాదేనండి. ఆపరేషన్ ముందురోజు మనిషి దక్కుతుందో లేదోనని అందరూ ప్రేమగానే మాట్లాడతారు. యంత్రానికి ఆ ఒక్క గొంతే తెలుసు. కసిరినా అలాగే వినిపిస్తుంది."

"అయితే ఈయన అసలు గొంతు నాకు వినిపించండి."

"వద్దు సహస్రా," అన్నాడు రిత్విక్, ఎంతో ప్రేమగా.

"చూశారా, దొరికిపోతానని భయం."

కొత్త అమరికలో ఎవరి గొంతైనా ఉన్నదున్నట్టు వినిపిస్తుందని చెప్పి నఫీసా మీట జరిపింది.

"ఊఁ, ఇప్పుడు మాట్లాడండి చూద్దాం," అంది సహస్ర. అని ఉలిక్కిపడింది. గదిలో ఎవరో ఆడమనిషి కర్కశంగా అరిచింది. తలుపు వైపు చూస్తే అక్కడ ఎవరూ లేరు.

"ఎవరా అరిచింది?"

మళ్లీ అదే అరుపు.

"మీరేనమ్మా," అంది నఫీసా. "ఆ రోజు మీ గొంతు కూడా నమూనా తీశాం. ఏడు నెలలుగా మీ మాటలు మీకూ ఆ మెత్తటి గొంతుతోనే వినిపిస్తున్నాయి. మన గొంతు మనకు వినబడకపోతే అదుపు తప్పుతుంది."

సహస్ర భర్త వైపు తిరిగింది. "ఏవండీ, నేను రోజూ ఇలాగే మాట్లాడుతున్నానా?"

"లేదులే," అన్నాడు రిత్విక్. ఆ గొంతులో విసుగు లేదు, కోపం లేదు. వణుకు ఉంది. దెబ్బ పడకముందే చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లాడి వణుకు.

సహస్ర సిగ్గుతో చచ్చిపోయింది. నెల రోజులు సాధన చేస్తే గొంతు దారికొస్తుందని, ఆ నెలంతా మాత్రం తన మాట తాను వినక తప్పదని నఫీసా వివరంగా చెప్పింది.

"పాతదే పెట్టేయండి," అంది సహస్ర.

నఫీసా రిత్విక్ మొహంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు. మీట వెనక్కి జరిగింది.

"ఇంటికెళ్దాం పదండి," అంది సహస్ర. ఆ మాట ఆమెకు ఎంతో మెత్తగా వినిపించింది. రిత్విక్ ఒక అడుగు వెనకగా నడిచాడు. ఆమె తిరిగి చూడలేదు.